చేతిలో ఇమిడే ఎల్.సి.ఆర్. మీటరు: కొలిచే పద్ధతి, పాటించవలసిన భద్రత

తెలుగునాట పంకా నెమ్మదిగా తిరగడం మొదలుపెడితే "కండెన్సరు పోయింది" అన్న మాట వినబడని ఇల్లు ఉండదు. వీధి చివరి ఎలక్ట్రీషియను వచ్చి, రెండున్నర మైక్రోఫారడ్ల చిన్న డబ్బా ఒకటి మార్చి వెళ్తే పంకా మళ్ళీ జోరందుకుంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అదే కండెన్సరు మరొక రూపంలో ఎదురవుతుంది. టెక్సస్‌లోనో అరిజోనాలోనో నడివేసవిలో ఇంటి వెలుపలి ఎయిర్ కండిషనర్ యూనిట్ మూలుగుతూ ఉంటుంది, దాని పంకా మాత్రం కదలదు. ఇటువంటి సందర్భాలలో తరచుగా దోషి మోటారుకు తోడుగా ఉండే కెపాసిటరే. కండెన్సరు, కెపాసిటరు ఒకే వస్తువుకు రెండు పేర్లు.

ఆ దోషాన్ని నిర్ధారించగల సాధనం ఎల్.సి.ఆర్. మీటరు. ఒకప్పుడు ప్రయోగశాలల బల్లలపై మాత్రమే కనిపించిన ఈ పరికరం నేడు అరచేతిలో ఇమిడి, ఎలక్ట్రానిక్స్ అభిరుచి గల ఇళ్ళలోనికి కూడ ప్రవేశించింది. మీట నొక్కగానే తెరపై నాలుగైదు అంకెలు వెలుగుతాయి. ఆ అంకెలను చూసి చాలామంది అదే సత్యమని భావిస్తారు. వాస్తవానికి ఆ సంఖ్య ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానం మాత్రమే. ప్రశ్న సరిగా వేయకపోతే మంచి భాగం చెడ్డదిగాను, చెడ్డ భాగం మంచిదిగాను కనిపిస్తుంది. కెపాసిటరులో నిలువ ఉన్న విద్యుత్తును తొలగించకుండా ప్రశ్న వేస్తే పరికరానికే కాక ప్రాణానికి కూడ ముప్పు వాటిల్లవచ్చు.

మూడు గుణాలు, ముగ్గురు శాస్త్రజ్ఞులు

మీటరు పేరులోని మూడు అక్షరాలు మూడు విద్యుద్గుణాలను సూచిస్తాయి. ఎల్ అంటే ప్రేరకత, సి అంటే కెపాసిటెన్సు, ఆర్ అంటే నిరోధం. నిరోధాన్ని జర్మనీకి చెందిన ఓమ్ పేరిట ఓములలోను, కెపాసిటెన్సును ఇంగ్లండుకు చెందిన ఫారడే పేరిట ఫారడ్‌లలోను కొలుస్తారు. ప్రేరకతకు ప్రమాణం అమెరికాకు చెందిన జోసెఫ్ హెన్రీ పేరిట ఏర్పడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ అకాడమీలో ఉపాధ్యాయుడుగా ఉంటూ హెన్రీ తీగచుట్టలపై పరిశోధనలు చేశాడు. తీగచుట్టలో ప్రవాహం మారినప్పుడు ఆ చుట్ట తానే ఆ మార్పును ఎదిరిస్తుందన్న విషయాన్ని 1832లో ప్రకటించాడు. 1846లో ఆయన స్మిత్‌సోనియన్ సంస్థకు తొలి కార్యదర్శి అయ్యాడు. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ప్రేరకత ప్రమాణానికి ఆయన పేరునే స్థిరపరచింది.

ఈ మూడింటిని కొలిచే పరికరాల చరిత్రలో కూడ అమెరికాకు ప్రముఖ స్థానం ఉంది. 1915లో మెల్విల్ ఈస్ట్‌హామ్ మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో జనరల్ రేడియో సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ తయారుచేసిన ఇంపిడెన్స్ బ్రిడ్జిలు దశాబ్దాల పాటు ప్రయోగశాలలకు ప్రామాణికంగా నిలిచాయి. వాటిని వాడే ఇంజనీరు తెలిసిన భాగాన్ని ఒకవైపు, తెలియని భాగాన్ని మరొకవైపు ఉంచి, సూచిక సున్నాకు వచ్చేవరకు మరలు తిప్పుతూ ఉండవలసి వచ్చేది. అంగడిలో త్రాసు ముల్లు నిలిచేదాకా రాళ్ళు మార్చడం వంటిదే ఈ పద్ధతి. మైక్రోప్రాసెసర్ వచ్చిన తరువాత ఆ తూకం పనిని యంత్రమే చేయసాగింది. 1939లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పుట్టిన హ్యూలెట్-పాకార్డ్ సంస్థ కొలత పరికరాల శాఖ 1999లో ఎజిలెంట్‌గాను, 2014లో కీసైట్‌గాను వేరుపడింది. ఈ పరంపరకు చెందిన యు1733సి వంటి చేతి మీటర్లు 100, 120, 1,000, 10,000, 1,00,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యాలలో కొలవగలవు.

మీటరు చేసే పని

కుమ్మరి వద్ద కుండ కొనే ఇల్లాలు దానిని వేలితో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి పగులు ఉన్నదీ లేనిదీ గ్రహిస్తుంది. ఎల్.సి.ఆర్. మీటరు చేసే పని కూడ ఇదే. అది తనకు తగిలించిన భాగంపై ఒక వోల్టుకు లోపలి ఏకాంతర విద్యుత్తును ప్రయోగిస్తుంది. అప్పుడు భాగంలో ఎంత విద్యుత్తు ప్రవహించినదీ, ఆ ప్రవాహం వోల్టేజికి ఎంత ముందుగా లేక వెనుకగా నడచినదీ కొలుస్తుంది. నిరోధకంలో రెండూ కలిసి నడుస్తాయి. దోషంలేని కెపాసిటరులో ప్రవాహం పావు ఆవృత్తి ముందుంటుంది. దోషంలేని ప్రేరకంలో అంతే వెనుక ఉంటుంది. ఈ పరిమాణాన్ని, ముందువెనుకలను కలిపి లెక్కించగా వచ్చేదే ఇంపిడెన్సు అనబడే అవరోధం. కెపాసిటెన్సు, ప్రేరకత మొదలైనవన్నీ మీటరు ఈ అవరోధం నుండి గణితం ద్వారా రాబట్టేవే గాని నేరుగా కొలిచేవి కావు. ఈ సంగతిని గుర్తుంచుకుంటే తరువాతి జాగ్రత్తలన్నీ సులభంగా బోధపడతాయి.

అన్నిటికంటె ముందు భద్రత

కెపాసిటరు విద్యుత్తును నిలువ చేసుకుంటుంది. దానిని సరఫరా నుండి వేరుచేసినా ఆ నిలువ చాలాసేపు ఉండవచ్చు. ఈ పాఠాన్ని అమెరికాలో తొలి రోజులలోనే నేర్చుకున్న వ్యక్తి బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1750 డిసెంబరు 23న ఫిలడెల్ఫియాలో ఆయన రెండు పెద్ద గాజు జాడీలలో విద్యుత్తును నింపి, ఆ దెబ్బతో ఒక టర్కీ కోడిని చంపడానికి సిద్ధపడ్డాడు. ఆ జాడీలు నేటి కెపాసిటరుకు తొలిరూపాలు. ఏమరుపాటున ఒక చేయి జాడీల పైతీగలను, మరొక చేయి వెలుపలి గొలుసును తాకడంతో నిలువ అంతా ఆయన దేహం గుండా పోయింది. చేతులలోను మెడ వెనుకను తిమ్మిరి మరునాటి ఉదయం దాకా తగ్గలేదని, రొమ్ము ఎముక నొప్పి మాత్రం ఇంకా మిగిలి ఉందని ఆయన రెండు రోజుల తరువాత వ్రాసిన లేఖలో తెలిపాడు.

ఈనాటి గృహోపకరణాలలో ఉన్న నిలువ తక్కువది కాదు. కెపాసిటెన్సులో సగాన్ని వోల్టేజి వర్గంతో గుణిస్తే శక్తి జౌళ్ళలో వస్తుంది. ఎయిర్ కండిషనరులోని 45 మైక్రోఫారడ్ల కెపాసిటరు 340 వోల్టుల వద్ద 2.6 జౌళ్ళను దాచుకుంటుంది. కంప్యూటరు విద్యుత్ సరఫరాలోని 330 మైక్రోఫారడ్ల కెపాసిటరు 390 వోల్టుల వద్ద 25 జౌళ్ళను నిలువ చేస్తుంది. కిలోగ్రాము బరువు రెండున్నర మీటర్ల ఎత్తునుండి పడితే కలిగే దెబ్బకు ఇది సమానం. మైక్రోవేవ్ ఓవెనులోని కెపాసిటరు విలువ ఒక మైక్రోఫారడ్‌కు అటూ ఇటూగా ఉన్నా, దాని వోల్టేజి రెండు వేలకు పైమాట. అది ప్రాణాంతకం. శిక్షణ లేనివారు మైక్రోవేవ్ ఓవెను కప్పును ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు.

కొలతకు ముందు పాటించవలసిన క్రమం ఇది:

1. ఉపకరణాన్ని సరఫరా నుండి పూర్తిగా వేరుచేయాలి. ఎయిర్ కండిషనరు విషయంలో థర్మోస్టాట్‌ను ఆపితే చాలదు. కొన్ని యూనిట్లలోని కాంటాక్టరు రెండు తీగలలో ఒకదానినే తెంచుతుంది. అందువలన రెండవ తీగలో విద్యుత్తు ఉంటూనే ఉంటుంది. యూనిట్ పక్కనున్న డిస్‌కనెక్ట్ పెట్టెను, ఇంటిలోని బ్రేకరును కూడ ఆపాలి.

2. వోల్టుమీటరుతో సరఫరా లేదని ముందుగా నిర్ధారించుకోవాలి. ఆ వోల్టుమీటరు సరిగా పనిచేస్తున్నదని తెలిసిన సరఫరాపై పరీక్షకు ముందు, తరువాత కూడ చూసుకోవాలి.

3. కెపాసిటరు కొసల మధ్య 20 కిలో ఓములు, 10 వాట్ల నిరోధకాన్ని చక్కని తొడుగు ఉన్న తీగలతో తగిలించి నిలువను ఖాళీ చేయాలి. 45 మైక్రోఫారడ్లకు ఐదు సెకండ్లు, 330 మైక్రోఫారడ్లకు అర నిమిషం పడుతుంది. దానికి రెట్టింపు సమయం ఉంచడం మేలు. స్క్రూడ్రైవరును అడ్డంపెట్టి ఖాళీ చేసే అలవాటు మంచిది కాదు. మెరుపు లేచి కన్నుకు, చేతికి హాని కలుగుతుంది.

4. మళ్ళీ వోల్టేజిని కొలవాలి. కొన్ని కెపాసిటర్లలో ఖాళీ చేసిన కొంతసేపటికి వోల్టేజి తిరిగి తలయెత్తుతుంది. లోపలి బంధక పదార్థం పీల్చుకున్న విద్యుదావేశం మెల్లగా వెలికి రావడమే దీనికి కారణం. కనుక కొలిచే క్షణం వరకు కొసలను కలిపి ఉంచాలి.

5. ఆ తరువాతనే భాగాన్ని వలయం నుండి విడదీసి మీటరుకు తగిలించాలి. ఎల్.సి.ఆర్. మీటరు సరఫరా ఉన్న వలయాలను కొలిచే సాధనం కాదు. నిలువ ఉన్న కెపాసిటరును తగిలిస్తే మీటరు లోపలి భాగాలు కాలిపోతాయి.

మరొక హెచ్చరిక పాత ఇళ్ళకు సంబంధించినది. 1979లో అమెరికా ప్రభుత్వం పి.సి.బి. అనబడే విషపూరితమైన నూనెల తయారీని నిషేధించింది. అంతకు పూర్వపు మోటార్లు, ట్యూబులైట్ల బాలస్టులలోని కెపాసిటర్లలో ఈ నూనె ఉండవచ్చు. అట్టి డబ్బా కారుతూ కనిపిస్తే కొలవడానికి పూనుకోక, స్థానిక వ్యర్థ పదార్థాల కేంద్రం సలహా తీసుకోవాలి.

రెండు దేశాలు, రెండు మీటలు

భద్రత తరువాత వచ్చేది పౌనఃపున్యం. మీటరుపై 100, 120 అని రెండు దగ్గరి సంఖ్యలు ఎందుకున్నాయన్న సందేహం చాలామందికి కలుగుతుంది. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్, అమెరికాలో 60 హెర్ట్జ్. ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే పూర్ణతరంగ రెక్టిఫయరు వద్ద మిగిలే అలల పౌనఃపున్యం దానికి రెట్టింపు ఉంటుంది. అంటే అక్కడ 100, ఇక్కడ 120. ఆ అలలను అణచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను అవి పనిచేసే పౌనఃపున్యంలోనే పరీక్షించడం కోసం ఈ రెండు మీటలు ఏర్పడ్డాయి. ఇండియా నుండి తెచ్చుకున్న వెట్ గ్రైండరును ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వాడే కుటుంబాలు కూడ ఈ తేడాను గమనించాలి. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చగలదు గాని పౌనఃపున్యాన్ని మార్చలేదు. 50 హెర్ట్జ్‌కు ఎంచిన కెపాసిటరు 60 హెర్ట్జ్ వద్ద ఆరింట ఐదు వంతుల అవరోధాన్నే చూపుతుంది.

సూత్రం ఇంతే: పెద్ద కెపాసిటరుకు తక్కువ పౌనఃపున్యం, చిన్న కెపాసిటరుకు ఎక్కువ పౌనఃపున్యం. 10 పికోఫారడ్ల కెపాసిటరు 120 హెర్ట్జ్ వద్ద 13 కోట్ల ఓములకు పైగా అవరోధం చూపుతుంది. అంత స్వల్ప ప్రవాహాన్ని చేతి మీటరు నమ్మకంగా కొలవలేదు. అదే 1,00,000 హెర్ట్జ్ వద్ద 1,59,000 ఓములు మాత్రమే కనుక కొలత నిలకడగా ఉంటుంది. దీనికి విరుద్ధంగా 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు 120 హెర్ట్జ్ వద్ద 1.33 ఓములు చూపుతుంది. 1,00,000 హెర్ట్జ్ వద్ద అది 0.0016 ఓములకు పడిపోతుంది. అక్కడ రెండు సెంటీమీటర్ల తీగలోని ప్రేరకతే దానికి ఎనిమిది రెట్ల అవరోధాన్ని కలిగిస్తుంది. ఫలితంగా మంచి కెపాసిటరును మీటరు ప్రేరకంగా భావించి ఋణ సంఖ్యను చూపవచ్చు. ప్రేరకాల విషయంలోను చిన్నవాటికి ఎక్కువ పౌనఃపున్యమే తగినది. ఒక మైక్రోహెన్రీ చుట్ట 1,000 హెర్ట్జ్ వద్ద 0.006 ఓమే చూపుతుంది, 1,00,000 హెర్ట్జ్ వద్ద 0.63 ఓము చూపుతుంది.

శ్రేణి, సమాంతరం, నష్టగుణకం

ఏ కెపాసిటరూ నూటికి నూరుపాళ్ళు కెపాసిటరు కాదు. దానిలో కొంత నిరోధం కలిసి ఉంటుంది. ఆ నిరోధం కెపాసిటరుతో వరుసగా ఉన్నట్లు లెక్కించడం శ్రేణి పద్ధతి. పక్కనే ఉన్నట్లు లెక్కించడం సమాంతర పద్ధతి. అవరోధం పది ఓములకు లోపుగా ఉంటే శ్రేణిని, పది వేల ఓములకు మించితే సమాంతరాన్ని ఎంచుకోవడం ఆచారం. నడిమి విలువలకు తయారీదారు ఇచ్చిన పత్రాన్ని అనుసరించాలి.

ఈ నష్టాన్ని మీటరు డి అన్న అక్షరంతో చూపుతుంది. దీనిని నష్టగుణకం అనవచ్చు. డి 0.1 అయితే శ్రేణి, సమాంతర విలువల మధ్య తేడా ఒక్క శాతమే. డి 1 అయితే మొదటిది రెండవదానికి రెట్టింపు. అప్పుడు ఏ పద్ధతిలో కొలిచినదీ చెప్పకుండా సంఖ్యను మాత్రమే చెప్పడం అర్థరహితం.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి తుల్య శ్రేణి నిరోధం మరింత ముఖ్యం. మీటరుపై ఇది ఇ.ఎస్.ఆర్. అని కనిపిస్తుంది. లోపలి ద్రవం వేడికి ఆరిపోయిన కొద్దీ ఈ నిరోధం పెరుగుతుంది. 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరులో అది 0.1 ఓము నుండి 1.3 ఓములకు పెరిగిందనుకోండి. 120 హెర్ట్జ్ వద్ద కెపాసిటెన్సు ఇంకా పరిమితిలోనే కనిపించినా డి 0.075 నుండి సుమారు 1కి చేరుతుంది. 2000ల తొలి సంవత్సరాలలో అనేక కంప్యూటర్లలోని కెపాసిటర్లు ఉబ్బి, కారి, చెడిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పైకి ఉబ్బు కనిపించకముందే చెడును పట్టి ఇవ్వగలిగేది ఈ కొలతే.

తీగల ప్రభావం, అంకెల విలువ

మీటరుకు, భాగానికి మధ్యనున్న తీగలు కూడ కొలతలో పాలుపంచుకుంటాయి. కనుక ప్రతిసారీ రెండు సవరణలు చేయాలి. తీగలను విడిగా ఉంచి ఒకసారి, కలిపి ఒకసారి మీటరుకు సున్నాను నేర్పాలి. కొలిచేటప్పుడు తీగల అమరికను మార్చరాదు. కెపాసిటరును వేళ్ళతో పట్టుకొని కొలవరాదు. చిన్న నిరోధాలకు నాలుగు తీగల కెల్విన్ క్లిప్పులు శ్రేష్ఠం. వాటిలో రెండు ప్రవాహాన్ని మోస్తాయి, తక్కిన రెండు వోల్టేజిని గ్రహిస్తాయి.

భాగం వలయంలో ఉండగా కొలిస్తే పక్కనున్న భాగాలు కూడ సమాధానంలో కలుస్తాయి. కనీసం ఒక కాలునైనా విడదీయాలి.

తెరపై అంకెలు ఎక్కువ ఉన్నంత మాత్రాన ఖచ్చితత్వం ఎక్కువ కాదు. మీటరు పత్రంలో "0.5 శాతం, 5 అంకెలు" అని ఉందనుకోండి. తెరపై 22.0 పికోఫారడ్లు కనిపిస్తే శాతం వలన 0.11, అంకెల వలన 0.5, మొత్తం 0.61 పికోఫారడ్ల తేడాకు అవకాశం ఉంది. అంటే దాదాపు 2.8 శాతం. పత్రంలో పెద్ద అక్షరాలతో ముద్రించిన శాతం ఒక్కటే చూసి మోసపోరాదు.

ఒక ఉదాహరణ

ఎయిర్ కండిషనరులోని కెపాసిటరు డబ్బాపై 45/5 అని, 440 వోల్టులని, ఆరు శాతం అటూ ఇటూ అని వ్రాసి ఉంటుంది. అది ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లు. పైన మూడు కొసలు ఉంటాయి: ఉమ్మడి కొస సి, కంప్రెసరుకు హెర్మ్, పంకాకు ఫ్యాన్. తీగలు తీసే ముందు ఏ తీగ ఎక్కడిదో బొమ్మ గీసుకోవాలి. నిలువను ఖాళీ చేసేటప్పుడు ఉమ్మడి కొసకు, తక్కిన రెంటికీ మధ్య విడివిడిగా చేయాలి. తరువాత 120 హెర్ట్జ్ వద్ద రెండు విలువలను కొలవాలి. మొదటిది 42.3కు 47.7కు మధ్య, రెండవది 4.7కు 5.3కు మధ్య ఉండాలి. మీటరు 44.6, 3.1 అని చూపిందనుకోండి. కంప్రెసరు భాగం బాగున్నది, పంకా భాగం చెడినది అని స్పష్టం. కంప్రెసరు మూలుగుతూ ఉండగా పంకా తిరగకపోవడానికి కారణం ఇక్కడ దొరికింది.

కొత్తది అదే మైక్రోఫారడ్ల విలువతో, అంతే లేక అంతకు మించిన వోల్టేజితో ఉండాలి. 370 వోల్టుల స్థానంలో 440 వోల్టులది అమర్చవచ్చు గాని 440 స్థానంలో 370ది అమర్చరాదు. ఈ పనిలో ఏ మాత్రం సంకోచం ఉన్నా లైసెన్సు గల మెకానిక్‌ను పిలవడమే వివేకం. శీతల వాయువు ఉన్న గొట్టాల జోలికి మాత్రం పోరాదు. ఆ పనికి ఇ.పి.ఎ. ధ్రువపత్రం తప్పనిసరి.

మీటరు చెప్పలేని సంగతులు

మీటరు ఒక వోల్టుకు లోపుగా పరీక్షిస్తుంది, కెపాసిటరు వందల వోల్టుల వద్ద పనిచేస్తుంది. అధిక వోల్టేజి వద్ద మాత్రమే లోపల మెరుపు కొట్టే కెపాసిటరు మీటరు ముందు సాధువులా కనిపించవచ్చు. ఎక్స్7ఆర్ వంటి సిరామిక్ కెపాసిటర్లు ఏకముఖ వోల్టేజి పడినప్పుడు తమ విలువలో గణనీయమైన భాగాన్ని కోల్పోతాయి. మీటరుకు ఆ నష్టం కనిపించదు. ఇనుప గుండె ఉన్న ప్రేరకాలు కూడ ప్రవాహం పెరిగితే వేరు విలువ చూపుతాయి. కనుక మీటరు "చెడినది" అన్న మాటను చాలావరకు నమ్మవచ్చు గాని "బాగున్నది" అన్న మాటను పరిమితులతో స్వీకరించాలి.

పాఠశాలల సైన్స్ ఫెయిర్లకు సిద్ధమయ్యే పిల్లలకు ఈ మీటరు మంచి గురువు కాగలదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి మించని వలయాలతో, పెద్దల సమక్షంలో మొదలుపెట్టాలి. ఒకే కెపాసిటరును ఐదు పౌనఃపున్యాలలో కొలిచి, విలువలు ఎందుకు మారుతున్నాయో గ్రాఫు గీసి వివరించడం ఆరవ తరగతి పిల్లలకు కూడ సాధ్యమే. నోటు పుస్తకంలో విలువతో పాటు పౌనఃపున్యం, శ్రేణియా సమాంతరమా అన్నది, డి విలువ, తేదీ తప్పక వ్రాయించాలి. ఆ వివరాలు ఉంటేనే మరొకరు అదే భాగాన్ని అదే విధంగా కొలిచి, అదే విలువ వచ్చినదీ రానిదీ సరిచూడగలుగుతారు. కొలతకు ముందు నిలువ ఖాళీ అయినదని వోల్టుమీటరుతో చూసి, ఆ మాటను మొదటి పంక్తిలో వ్రాసే అలవాటు కూడ వారికి ఆనాటి నుండే కలగాలి.